జైలీన్ తగ్గించాలంటే: టిష్యూ ప్రాసెసింగ్‌కి కాస్త సేఫ్ సాల్వెంట్ ఎలా ఎంచుకోవాలి

"జైలీన్ బదులు ఏది వాడమంటారు సార్?"

డీఎంఎల్‌టీ (ల్యాబ్ టెక్నీషియన్ డిప్లొమా) పూర్తిచేసి ఇప్పుడిప్పుడే ల్యాబులో చేరిన కుర్రాళ్ళ దగ్గర్నుంచి, విజయవాడ సూర్యారావుపేటలోనో గుంటూరు కొత్తపేటలోనో సొంతంగా హిస్టోపాథాలజీ ల్యాబ్ (రోగి ఒంట్లోంచి తీసిన ముక్కని మైక్రోస్కోపు కింద పరీక్షించేది) పెట్టుకున్న డాక్టర్ల దాకా నన్ను అడిగే ప్రశ్న ఇదే. మార్చి నెలాఖరు వచ్చేసరికి ఫోన్లు మరీ ఎక్కువవుతాయి. ఎండ ముదిరి, గది వేడెక్కి, బీకర్ మూత తీయగానే ఘాటు తలకెక్కుతుంది కదా, అప్పుడు గుర్తొస్తుంది అందరికీ. ఒక్కొక్కరికీ విడిగా చెప్పి చెప్పి అలిసిపోయాను, ఇక్కడ ఒకేసారి రాస్తున్నాను.

ముందే ఒక మాట. ఒక సీసా పేరు చెప్పి, రేపట్నుంచి ఇది పోసుకోండి అనడం నావల్ల కాదు. రోగి నుంచి తీసిన ముక్కని మైనం దిమ్మలో (బ్లాక్) పొదిగి, సన్నటి పొరలుగా (సెక్షన్లు) కోసి, గాజు స్లైడ్ మీద రంగులు వేయడం మన పని. అందులో జైలీన్ అనే ఘాటైన ద్రావకం (సాల్వెంట్) మూడు చోట్ల వాడతాం. ముక్కలోని ఆల్కహాల్ తీసేసి మైనానికి దారి చేయడానికి ఒకసారి, స్లైడ్ మీది మైనం కరిగించడానికి ఒకసారి, రంగులు వేశాక డీపీఎక్స్ (పైన కవర్‌స్లిప్ అనే పల్చటి గాజుని అతికించే జిగురు) పెట్టేముందు ఇంకోసారి. ఈ మూడింటిలో ఏది ముందు మార్చాలన్నదే అసలు ప్రశ్న. నా జవాబు: తప్పు జరిగినా దిద్దుకోగలిగే చోట మొదలుపెట్టండి. స్లైడ్ పాడైతే బ్లాక్ నుంచి ఇంకో సెక్షన్ కోసుకోవచ్చు. ముక్కే పాడైతే రోగి దగ్గరికి మళ్ళీ వెళ్ళి అడగలేం.

సిద్ధాంతం కొంచెమే చెప్తాను. నీళ్ళకీ మైనానికీ పొత్తు కుదరదు. అందుకని ఆల్కహాల్‌తో నీళ్ళు తీస్తాం. ఆల్కహాల్‌కీ మైనానికీ కూడా పడదు. మధ్యలో ఇద్దరితోనూ కలిసిపోయే దళారీ కావాలి, మిర్చి యార్డులో రైతుకీ వ్యాపారికీ మధ్య కమిషన్ ఏజెంటులాగా. ఆ పని జైలీన్ చాలా బాగా చేస్తుంది. అందుకే ఇన్నేళ్ళుగా వదల్లేకపోతున్నాం.

చిక్కల్లా దాని ఆవిరితో. తలనొప్పి, కళ్ళ మంట, తల తిరగడం, వేళ్ళ మీద చర్మం ఎండి పగలడం. చాలామంది భయపడుతున్నట్టు అది క్యాన్సర్ తెస్తుందని మాత్రం తేలలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం జైలీన్‌ని మూడో వర్గంలో పెట్టింది, అంటే అవునని చెప్పడానికి ఆధారాలు చాలవని. బెంజీన్ వేరు, జైలీన్ వేరు. మొదటి వర్గంలో, అంటే కచ్చితంగా క్యాన్సర్ తెచ్చేవాటిలో ఉన్నది మన పక్కనే, ముక్క కుళ్ళకుండా వేసి ఉంచే ఫార్మలిన్‌లో ఉండే ఫార్మాల్డిహైడ్. జైలీన్ గురించి నాతో గంటసేపు మాట్లాడి, గ్రాసింగ్ బల్ల (ముక్కలు చూసి కోసే చోటు) పక్కన ఫార్మలిన్ బకెట్‌ని మూత లేకుండా వదిలేసి టీకి వెళ్ళినవాళ్ళని చూశాను.

రెండో చిక్కు నిప్పు. జైలీన్ ఫ్లాష్ పాయింట్ దాదాపు 27 డిగ్రీల సెల్సియస్. ఆ వేడి దాటితే, దాని పైన తేలే ఆవిరి ఒక్క నిప్పురవ్వకి అంటుకునేంత చిక్కగా ఉంటుంది. మన ఊళ్ళో ఏసీ లేని గది 27 డిగ్రీల లోపు ఉండేది ఏడాదిలో ఎన్ని రోజులో మీరే లెక్కేసుకోండి. చలిదేశాల పుస్తకాల్లో గది ఉష్ణోగ్రత అంటే 20, 22. మే నెలలో మన గదికి ఆ లెక్క పనికిరాదు.

కావలసినవి

- వాడుతున్న, వాడాలనుకుంటున్న ప్రతి సాల్వెంట్‌కీ సేఫ్టీ డేటా షీట్ (అందులో ఏముందో, ప్రమాదాలేంటో తయారీదారు రాసిచ్చే కాగితం). అమ్మేవాళ్ళని అడిగితే ఇవ్వాలి. ఇవ్వకపోతే ఆ సీసా కొనకండి.
- గోడకి తగిలించే మామూలు థర్మామీటర్, ఒక నోటుపుస్తకం.
- నైట్రైల్ గ్లవ్స్, కళ్ళకి గాగుల్స్, ఆర్గానిక్ వేపర్ క్యాట్రిడ్జ్ పెట్టే మాస్క్.
- ఆల్కహాల్ మీటర్, నీళ్ళు పోయేదాకా వేడిచేసి తెల్లబరచిన కాపర్ సల్ఫేట్ కొంచెం.
- రిపోర్టు ఇచ్చేసి, ముక్క దాచిపెట్టాల్సిన గడువు కూడా దాటిపోయాక పారేయబోయే ముక్కలు. గర్భసంచి, అపెండిక్స్, పిత్తాశయం, చర్మం, కొవ్వులో ఉన్న లింఫ్ నోడ్, రొమ్ము. కొవ్వు ముక్కలు తప్పకుండా ఉండాలి.
- మీ పాథాలజిస్టు ఒప్పుకోలు. ఆయనకో ఆవిడకో చెప్పకుండా సాల్వెంట్ మార్చడం మాత్రం చేయకండి.

1. ముందు లెక్క రాయండి

ఒక నెలపాటు ఎన్ని లీటర్లు జైలీన్ కొన్నారో, ఎన్ని లీటర్లు వేస్ట్ క్యాన్‌లోకి వెళ్ళాయో రాయండి. తేడా ఎక్కడికి పోయినట్టు? కొంచెం మైనంలోకి, కొంచెం ఆల్కహాల్‌లోకి పోతుంది. మిగిలిందంతా గాలిలోకి, అందులోంచి మీ ఊపిరితిత్తుల్లోకి.

ఇది ఎందుకంత ముఖ్యమో ఒక లెక్క చెప్తాను. 1948 నాటి మన ఫ్యాక్టరీల చట్టంలో ఎనిమిది గంటల పనికి పెట్టిన జైలీన్ పరిమితి 100 పీపీఎం (పది లక్షల పాళ్ళ గాలిలో వంద పాళ్ళు), అంటే ఘనపు మీటరు గాలికి 435 మిల్లీగ్రాములు. మీ గది 10 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవు, 10 అడుగుల ఎత్తు అనుకుందాం. దాదాపు 34 ఘనపు మీటర్లు. తలుపులు మూసిన ఆ గదిలో పరిమితి చేరడానికి 15 గ్రాముల లోపే ఆవిరైతే చాలు. మిల్లీలీటర్లలో చెప్తే 17. మూడు నాలుగు టీస్పూన్లు! అమెరికాలో పారిశ్రామిక ఆరోగ్య నిపుణుల సంఘం ఈమధ్య తన సిఫారసుని 20 పీపీఎంకి తగ్గించింది. అలా చూస్తే ఒక టీస్పూన్ కూడా అక్కర్లేదు.

వాసన రావట్లేదు కాబట్టి పరవాలేదు అనకండి. యార్డులో పనిచేసే హమాలీకి మిర్చి ఘాటు తెలుస్తుందా? మనం వెళ్తే తుమ్ములు. ముక్కు అలవాటు పడిపోతుంది. బయటినుంచి వచ్చిన కొరియర్ అబ్బాయి మొహం చిట్లించాడంటే అదే మీకు మొదటి మీటర్.

2. సాల్వెంట్ మార్చేముందు మూతలు మార్చండి

దీనికి పెద్ద ఖర్చు లేదు, ఫలితం మాత్రం అదే వారంలో కనిపిస్తుంది. స్టెయినింగ్ జార్లన్నిటికీ మూతలు. ప్రాసెసర్ (ముక్కల్ని వరసగా ఒక్కో ద్రవంలో ముంచే మెషీన్) బీకర్లు నింపడం, ఒంపడం ఫ్యూమ్ హుడ్‌లోనే (ఆవిరిని బయటికి లాగేసే పెట్టె). హుడ్ లేకపోతే కనీసం కిటికీ పక్కన, ఏసీ ఆపేసి. స్ప్లిట్ ఏసీ బయటి గాలి తేదు, ఉన్న గాలినే చల్లబరిచి మళ్ళీ మీ మొహాన కొడుతుంది. ఏసీ గదిలో జైలీన్ తక్కువుంటుందన్నది ఉత్త భ్రమ.

జైలీన్ ఆవిరి గాలికంటే మూడు రెట్లకి పైగా బరువు. కిందికి దిగి నేల మీద పాకుతుంది. పైకప్పు దగ్గర పెట్టిన వంటింటి ఎగ్జాస్ట్ ఫ్యాన్ దాన్ని మీ ముక్కు మీదుగా పైకి లాగుతుంది. పైగా మామూలు ఫ్యాన్ మోటార్‌లో నిప్పురవ్వ పుట్టొచ్చు. బల్ల ఎత్తులోనో ఇంకా కిందనో లాగే ఏర్పాటు, మంటకి సురక్షితమైన మోటార్‌తో కావాలి.

సర్జికల్ మాస్క్, ఎన్-95 మాస్క్ ఆవిరిని ఆపవు. దుమ్మునే ఆపుతాయి. లేటెక్స్ గ్లవ్స్ జైలీన్‌లో ఉబ్బిపోతాయి. పల్చటి నైట్రైల్ గ్లవ్స్ కూడా ఒంపేటప్పుడు పడే చుక్కలకి మాత్రమే. తడిసిన వెంటనే తీసి పారేయండి. ల్యాబులో గర్భిణి ఎవరైనా ఉంటే సాల్వెంట్లు మార్చే పని ఆమెకి ఇవ్వకండి. ఆమె అడిగేదాకా ఆగొద్దు, మీరే చెప్పండి.

3. సేఫ్టీ డేటా షీట్‌లో నాలుగు చోట్ల చూడండి

అందులో 16 భాగాలుంటాయి. అంతా చదవక్కర్లేదు.

మూడో భాగంలో లోపల ఏముందో ఉంటుంది. సీసా మీద "జైలీన్ సబ్‌స్టిట్యూట్" అని ఎంత అందంగా రాసినా, ఇక్కడ 1330-20-7 అన్న నంబరు కనిపిస్తే అది జైలీనే. 108-88-3 అంటే టోల్యూయీన్. 5989-27-5 అంటే లిమోనీన్. రెండో భాగంలో ప్రమాదాలు, ఎనిమిదో భాగంలో గాలిలో పరిమితి, ఏ గ్లవ్స్ వాడాలి అన్నవి చూడండి. తొమ్మిదో భాగంలో ఫ్లాష్ పాయింట్ ఉంటుంది. దాన్ని మీ గోడ మీది థర్మామీటర్‌తో పోల్చండి. గది మధ్యాహ్నం 38 ఉంటే, ఫ్లాష్ పాయింట్ 40 ఉన్న సాల్వెంట్ కాగితం మీద సేఫ్, మీ గదిలో అంచు మీద ఉన్నట్టే.

"నేచురల్", "గ్రీన్", "నాన్ టాక్సిక్" లాంటి మాటలు ముందు అట్ట మీదివి. వాటిని చూసి డబ్బు పెట్టకండి.

4. ఏది ఎంచుకోవాలి

లిమోనీన్. కమలా, నిమ్మ జాతి తొక్కల నూనె నుంచి తీస్తారు. ఫ్లాష్ పాయింట్ 48 దగ్గర. మైనాన్ని బాగా కరిగిస్తుంది, ముక్కని మరీ గట్టిపరచదు. మొదటిరోజు వాసన బత్తాయి రసంలా బాగుంటుంది. నాలుగోరోజుకి అదే వాసన తలనొప్పి తెప్పించొచ్చు. గాలి తగిలి పాతబడిన లిమోనీన్ చర్మానికి అలర్జీ తెస్తుంది. అందుకే పెద్ద క్యాన్ కొని నెలల తరబడి వాడకండి, చిన్న సీసాలు కొనండి. నూనెలా ఉంటుంది కాబట్టి ఆరడం ఆలస్యం. ముక్కలో ఉన్న సన్నటి కాల్షియం, రాగి మరకల్ని కరిగించే అవకాశం ఉంది. వాటి కోసమే చూసే కేసులైతే ఆ ముక్క పాత పద్ధతిలోనే చేయండి. ఇంకొకటి, థర్మోకోల్‌నీ పాలీస్టైరీన్ ప్లాస్టిక్‌నీ తినేస్తుంది. మీ ప్రాసెసర్ రబ్బరు గ్యాస్కెట్లు తట్టుకుంటాయో లేదో కంపెనీవాళ్ళని అడగాలి.

ఆలిఫాటిక్ హైడ్రోకార్బన్లు. పెట్రోలియం నుంచి శుద్ధిచేసి తీసేవి. "జైలీన్ సబ్‌స్టిట్యూట్" పేరుతో దొరికేవాటిలో చాలావరకు ఇవే. వాసన దాదాపు ఉండదు, ఆవిరవడం తక్కువ, ఫ్లాష్ పాయింట్ చాలా రకాల్లో 40 పైనే. నేను ప్రాసెసింగ్‌కి మొదటి ఓటు వీటికే వేస్తాను. బలహీనత ఒక్కటే, నీళ్ళని అస్సలు ఓర్చుకోవు. ఆబ్సల్యూట్ (నీళ్ళు కలవని) ఆల్కహాల్‌లో కాస్త నీళ్ళు మిగిలినా జైలీన్ ఎలాగో సర్దుకుపోతుంది. ఇవి సర్దుకోవు. కృష్ణ ఒడ్డున వానాకాలం గాలి ఎంత చెమ్మగా ఉంటుందో తెలుసు కదా, ఆల్కహాల్ ఆ చెమ్మని పీల్చుకుంటుంది. ఈ సాల్వెంట్లు పనిచేయలేదని నాతో అన్నవాళ్ళలో చాలామంది విషయంలో అసలు తప్పు ఆల్కహాల్ బీకర్‌లో ఉంది.

వాసన లేదు కదా అని వీటిని ఖాళీ నీళ్ళ సీసాల్లో పోసి పెట్టకండి. చూడ్డానికి అచ్చం మంచినీళ్ళే. ఎవరైనా మింగితే వాంతి చేయించకండి. కిరోసిన్ తాగిన పిల్లల్లాగే, వాంతిలో అది ఊపిరితిత్తుల్లోకి జారితే ప్రాణం మీదికి వస్తుంది. వెంటనే క్యాజువాలిటీకి తీసుకెళ్ళండి.

ఐసోప్రొపైల్ ఆల్కహాల్, మినరల్ ఆయిల్ మిశ్రమం. ఐదు పాళ్ళు ఆల్కహాల్‌కి ఒక పాలు నూనె, తర్వాత రెండు పాళ్ళకి ఒక పాలు, రెండూ 50 డిగ్రీల దగ్గర. ఆ తర్వాత మైనం. కాగితం మీద చవక, విషం తక్కువ. కానీ ఐసోప్రొపైల్ ఫ్లాష్ పాయింట్ 12 డిగ్రీలు. జైలీన్ కంటే తొందరగా అంటుకుంటుంది! దాన్ని 50 డిగ్రీలకి వేడిచేయాలంటే మూసి ఉండే, అందుకోసమే తయారుచేసిన ప్రాసెసర్ ఉండాలి. బీకర్లు హాట్ ఎయిర్ ఓవెన్‌లో పెట్టి చేతితో ప్రాసెసింగ్ చేసేవాళ్ళు దీని జోలికే పోవద్దు. థర్మోస్టాట్ క్లిక్‌మన్న ప్రతిసారీ లోపల రవ్వ పుడుతుందని మరిచిపోకండి.

నూనెలు. కొబ్బరినూనె, సెడార్‌వుడ్ నూనె. మన దేశంలో డెంటల్ కాలేజీల్లో కొబ్బరినూనె ప్రయత్నాలు జరిగాయి, చిన్న ముక్కలకి పనిచేస్తుంది కూడా. కానీ నిదానం. డిసెంబరులో పొద్దున్నే సీసాలో గడ్డకట్టి ఉంటుంది, తలకి రాసుకునే ప్రతివారికీ తెలిసిందే. రోజుకి 60 క్యాసెట్లు (ముక్క పెట్టే చిన్న ప్లాస్టిక్ డబ్బీలు) చేసే ల్యాబుకి ఇది కుదిరే పని కాదు. సెడార్‌వుడ్ నూనె ముక్కకి చాలా మెత్తన, ధర మాత్రం గట్టిది.

వద్దే వద్దు అనేవి కొన్ని. క్లోరోఫామ్ మంటుకోదు కాబట్టి మంచిదేగా అంటారు. కాలేయానికి చెడ్డది, క్యాన్సర్ తెచ్చే అవకాశం ఉన్నవాటిలో ఉంది. డయాక్సేన్ కూడా ఆ జాబితాలోనే ఉంది, పాతబడితే పేలే పెరాక్సైడ్లు కడుతుంది. టోల్యూయీన్ ఫ్లాష్ పాయింట్ 4 డిగ్రీలు, పెనం మీంచి పొయ్యిలో పడ్డట్టే. బెంజీన్ ఊసే ఎత్తొద్దు. పెట్రోల్ వాడొచ్చా అని కూడా అడిగారు. అందులో బెంజీన్ ఉంటుంది, మైనం ఓవెన్ పక్కన పెట్రోల్ ఏంటండీ?

5. ఆల్కహాల్ సంగతి

ఆబ్సల్యూట్ ఇథనాల్‌కి ఎక్సైజ్ పర్మిట్ కావాలి. అందుకే చిన్న ల్యాబులు ఎక్కువగా ఐసోప్రొపైల్ వాడుతున్నాయి. ప్రాసెసింగ్‌కి అది మంచిదే, ముక్క మరీ పెళుసవ్వదు. ఇయోసిన్ రంగు కలపడానికి మాత్రం సరిగా కుదరదు, అక్కడ ఇథనాల్ ఉండాలి. మిథనాల్‌ని ప్రాసెసింగ్ బీకర్లలోకి తేకండి, చర్మం గుండా కూడా ఒంట్లోకి వెళ్ళి కంటినరాన్ని దెబ్బతీస్తుంది. బజార్లో "స్పిరిట్" అని అమ్మేదాంట్లో ఏం కలిపారో తెలియకుండా కొనకండి.

చివరి ఆబ్సల్యూట్ బీకర్ నుంచి కొంచెం పరీక్ష గొట్టంలోకి తీసి, తెల్ల కాపర్ సల్ఫేట్ చిటికెడు వేయండి. నీలం తిరిగితే నీళ్ళున్నట్టే, మార్చేయండి. వానాకాలంలో ఇది రోజూ చేయాలి. మిగతా బీకర్లకి ఆల్కహాల్ మీటర్ సరిపోతుంది.

6. మొదటి మార్పు: స్లైడ్ మైనం తీయడం

ఇక్కడే మొదలుపెట్టమన్నాను. రెండు దారులున్నాయి.

సులభమైనది, డీవ్యాక్సింగ్ జార్లలో జైలీన్ బదులు ఆలిఫాటిక్ సాల్వెంట్ పోయడం. స్లైడ్లని 60 డిగ్రీల ఓవెన్‌లో మైనం కరిగేదాకా ఉంచి, వేడి మీదే జార్లో పెట్టండి. రెండు జార్ల బదులు మూడు పెట్టండి.

రెండోది గిన్నెలు తోమే లిక్విడ్. నవ్వకండి, నిజంగానే పనిచేస్తుంది. డిస్టిల్డ్ వాటర్‌లో 1.7 శాతం, అంటే లీటరుకి 17 మిల్లీలీటర్లు. 90 డిగ్రీల దగ్గర ఒక్కో నిమిషం చొప్పున రెండు జార్లు. తర్వాత అదే వేడిలో ఉన్న డిస్టిల్డ్ వాటర్‌లో రెండుసార్లు, గోరువెచ్చటి నీళ్ళలో ఒకసారి కడిగి, మామూలు నీళ్ళలోంచి నేరుగా హెమటాక్సిలిన్ రంగుకి. ఆల్కహాల్ మెట్లు దిగే పని కూడా తప్పుతుంది. నురగ పూర్తిగా పోవాలి, లేకపోతే హెమటాక్సిలిన్ మరకలు పడతాయి. సరిగ్గా అతుక్కోని సెక్షన్లు ఈ వేడికి ఊడి తేలతాయి కాబట్టి సెక్షన్ గట్టిగా అతుక్కునే పూత ఉన్న స్లైడ్లే వాడండి. ఇమ్యూనో స్లైడ్లకి (యాంటీబాడీలతో పరీక్షించేవి) దీన్ని వాడాలంటే ముందు విడిగా కంట్రోల్ స్లైడ్లతో పరీక్షించుకోవాలి.

7. రెండో మార్పు: ప్రాసెసర్

స్లైడ్ బల్ల దగ్గర రెండు మూడు వారాలు సాఫీగా గడిచాకే ఇక్కడికి రండి.

మామూలు 12 బీకర్ల తెరిచిన ప్రాసెసర్‌కి, 3 మిల్లీమీటర్ల మందం ముక్కలకి నేను మొదలుపెట్టే షెడ్యూల్ ఇది. ఫార్మలిన్ 1 గంట, 70 శాతం ఆల్కహాల్ 1 గంట, 90 శాతం 1 గంట, ఆబ్సల్యూట్ మూడు బీకర్లలో ఒక్కో గంట, కొత్త క్లియరింగ్ సాల్వెంట్ (జైలీన్ బదులు పోసేది) మూడు బీకర్లలో ఒక్కోటి గంటన్నర, మైనం రెండు బీకర్లలో రెండేసి గంటలు. జైలీన్‌కి రెండు బీకర్లు చాలేవి, దీనికి మూడు కావాలి. తయారీదారు ఇచ్చిన కాగితంలో ఇంకోలా ఉంటే దాన్నే పాటించండి.

ఒకే ముక్క నుంచి పక్కపక్కన రెండు క్యాసెట్లు కోయండి. ఒకటి పాత పద్ధతిలో, ఇంకోటి కొత్త పద్ధతిలో. క్యాసెట్ మీద పెన్సిల్‌తోనే రాయండి. పెన్ను ఇంకు సాల్వెంట్‌లో కొట్టుకుపోతుంది. ముందు ఖాళీ మెషీన్‌తో ఒకసారి తిప్పి చూడండి. తర్వాత పారేయబోయే ముక్కలతో. ఇరవై జతలన్నా పూర్తయ్యేదాకా రోగి రిపోర్టు ఆధారపడే ముక్క దేన్నీ కొత్త దాంట్లో వేయకండి.

ఈ మాట నేనెందుకు ఇంత గట్టిగా చెప్తున్నానంటే, నేను పనిచేసిన ఒకచోట ఒక శనివారం సాయంత్రం, సాల్వెంట్ అయిపోయిందని మొత్తం ప్రాసెసర్ ఒకేసారి మార్చేశాం. పరీక్ష లేదు, జతలు లేవు. సోమవారం పొద్దున రొమ్ము ముక్కలన్నీ మధ్యలో మెత్తగా, సబ్బులాగా. బాబాయ్ అని పిలిచే మా సీనియర్ టెక్నీషియన్ బ్లాక్ వేలితో నొక్కి చూసి, "ఇది కోసేది కాదు నాయనా, చెంచాతో తీసేది" అన్నాడు. అన్నీ మైనం కరిగించి, వెనక్కి క్లియరింగ్‌లోకి, అక్కడి నుంచి కొత్త ఆబ్సల్యూట్‌లోకి తీసుకెళ్ళి మళ్ళీ ముందుకి తెచ్చాం. రిపోర్టులు రెండురోజులు ఆలస్యం. ముక్కలు దక్కడం మా అదృష్టం.

ఇంకో టెన్షన్ గురించి ముందే చెప్పాలి. జైలీన్‌లో ముక్క అద్దంలా పారదర్శకంగా అయితే "క్లియర్ అయింది" అనుకోవడం మనకి అలవాటు. ఆలిఫాటిక్ సాల్వెంట్లలో అలా అవదు. వాటి వక్రీభవన గుణకం తక్కువ, ముక్క కాస్త మసకగానే ఉంటుంది. అది లోపం కాదు. పారదర్శకం అవలేదని గంటలు గంటలు అందులోనే ఉంచేస్తే ముక్క పెళుసెక్కుతుంది.

8. చివరి మార్పు: డీపీఎక్స్

డీపీఎక్స్‌లో ఉన్నదే పాలీస్టైరీన్, జైలీన్. ఆలిఫాటిక్ సాల్వెంట్ తడి మీద పెడితే కొన్నిసార్లు పాలలాగా మసకేస్తుంది. లిమోనీన్ తడి మీద పెడితే ఆరడానికి రోజులు పడుతుంది, కవర్‌స్లిప్ జారుతుంది. మూడు పరిష్కారాలున్నాయి. సాల్వెంట్‌తో పాటు అదే తయారీదారు చెప్పిన మౌంటింగ్ మీడియం కొనడం. రంగులయ్యాక ఆబ్సల్యూట్ నుంచి తీసి, స్లైడ్లని పూర్తిగా ఆరబెట్టి నేరుగా మౌంట్ చేయడం. లేదా చివరి రెండు జార్లు మాత్రం జైలీన్‌గానే ఉంచుకుని, మూతలతో, హుడ్‌లో వాడటం. మూడోదానికి సిగ్గుపడక్కర్లేదు. నెలకి వాడే 10 లీటర్లు 2 లీటర్లకి దిగినా అది గెలుపే.

ఫలితం ఎలా చూడాలి

బ్లాక్ దగ్గరే సగం తెలిసిపోతుంది. చల్లబడిన బ్లాక్ వేలికి జిడ్డుగా తగిలినా, సాల్వెంట్ వాసన వచ్చినా, మైనంలో సాల్వెంట్ మిగిలింది. మైనం బీకర్లు ఇంతకుముందు కంటే తరచుగా మార్చాలి. ఈ కొత్త సాల్వెంట్లు జైలీన్‌లా మైనం వేడికి ఎగిరిపోవు. రిబ్బన్‌లో (కోసేటప్పుడు వరసగా వచ్చే సెక్షన్లలో) ముక్క మధ్యలో చిల్లులు పడితే, లేక ముక్క మైనం నుంచి ఊడివస్తే నీళ్ళు మిగిలాయి. ముందు ఆల్కహాల్‌ని అనుమానించండి, తర్వాతే సాల్వెంట్‌ని. సెక్షన్‌లో సన్నటి అడ్డగీతల్లా పగుళ్ళు వస్తే ఎక్కువసేపు ఉంచారు, చిన్న బయాప్సీలకి విడిగా తక్కువ గంటల షెడ్యూల్ పెట్టండి. స్లైడ్ మీద అక్కడక్కడా రంగు పట్టకపోతే మైనం పూర్తిగా పోలేదు. కేంద్రకాలు పొగలా అలుక్కుపోయి కనిపిస్తే ఫిక్సేషన్ (ఫార్మలిన్‌లో ఊరడం) చాలలేదేమో కూడా చూసుకోండి, ప్రతి తప్పూ సాల్వెంట్ నెత్తిన వేయకండి.

ఆఖరి తీర్పు పాథాలజిస్టుది. జత స్లైడ్లకి ఏది పాతదో ఏది కొత్తదో తెలియకుండా నంబర్లు మాత్రం వేసి ఇవ్వండి. కేంద్రకం వివరం, సైటోప్లాజం రంగు, కొవ్వు చుట్టూ ఉన్న కణాలు, ముడతలు. ఒక్కోదానికి మూడు మార్కులకి ఎన్నో వేయమనండి. తెలిసి చూస్తే కొత్తదాంట్లో తప్పులు వెతకడం మనిషి గుణం.

పారబోసేటప్పుడు

"బయోడీగ్రేడబుల్" అని రాసి ఉన్నా సింకులో పోయొద్దు. సింకులో పోసింది మురికి కాలవలోకి, అక్కణ్ణుంచి ఏలూరు కాలవో బందరు కాలవో, కిందనున్న పొలాలకి వెళ్ళేది అదే నీరు. నీటిమీద తేలే సాల్వెంట్ ఆవిరి డ్రైనేజీ గొట్టాల్లో నిలిచి అంటుకునే ప్రమాదం కూడా ఉంది. వాడేసిన జైలీన్, ఆలిఫాటిక్, ఆల్కహాల్, ఫార్మలిన్ నాలుగూ నాలుగు క్యాన్లలో, మూతలు బిగించి, పేరూ తేదీ రాసి, ఎండ తగలని చోట పెట్టండి. కాలుష్య నియంత్రణ మండలి అనుమతి ఉన్నవాళ్ళకే అప్పగించి రసీదు తీసుకోండి. జైలీన్‌ని, ఆలిఫాటిక్‌ని ఒకే క్యాన్‌లో కలిపేస్తే రీసైక్లింగ్‌కి తీసుకోరు.

ఇక ఆ నోటుపుస్తకం. కొత్త పద్ధతి మొదలైన నెల కూడా అదే లెక్క రాయండి: ఎంత కొన్నాం, ఎంత క్యాన్‌లోకి పోయింది, తేడా ఎంత. గదిలో మధ్యాహ్నం రెండు గంటల ఉష్ణోగ్రత పక్కనే రాయండి. మే నెలలో తేడా పెరిగితే మూతలు సరిగా పడట్లేదని అర్థం. అది సాల్వెంట్ మార్చినంత మాత్రాన పోదు, మళ్ళీ రెండో మెట్టు దగ్గరికి వెళ్ళాల్సిందే.